ఒక వ్యాసం ఎన్ని చేతులు మారింది?

మా పదో తరగతిలో ఒక పిల్లవాడి సైన్సు రికార్డు ఎప్పుడూ వాడి సంచిలో ఉండదు. పటం చూసి గీసుకోవడానికి ఎవరో ఒకరు పట్టుకుపోయి ఉంటారు. వాడి మార్కులు చూడకుండానే ఆ రికార్డు విలువ మాకు తెలిసిపోతుంది. శాస్త్రజ్ఞుల వ్యాసాలకు కూడా ఇలాంటి లెక్కే ఒకటి ఉంది.

శాస్త్రజ్ఞుడు తాను కనుగొన్న విషయాన్ని పరిశోధన పత్రికలో వ్యాసంగా ప్రకటిస్తాడు. తాను ఎవరెవరి పాత వ్యాసాలను చూశాడో దాని చివర జాబితా ఇస్తాడు. అలా మరొకరి జాబితాకు ఎక్కడాన్ని 'ఉల్లేఖన' అంటారు. ఏ వ్యాసాన్ని ఎందరు ఉల్లేఖించారో తెలిపే సూచికను అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో వెలువరించాడు.

విషశాస్త్రం అనగానే మీకు పాము గుర్తుకు వస్తుందేమో! మనం తినే వాటిలో, పూసుకునే వాటిలో, తొడుక్కునే వాటిలో ఉన్న రసాయనాలు శరీరాన్ని ఏం చేస్తాయో చూడటమూ ఈ శాస్త్రం పనే. ఇందులో ఎక్కువ ఉల్లేఖనలు పొందిన వారిలో బ్రూస్ ఏమ్స్ ఒకరు. ఆయన 1928లో న్యూయార్కులో పుట్టారు, 2024లో మరణించారు. రాసిన వ్యాసాలు 500కు పైనే.

1964లో ఒకనాడు ఆయన బంగాళాదుంప చిప్సు పొట్లం మీద అచ్చువేసిన రసాయనాల పేర్లు చదివారట. ఇవి మన జన్యువులను పాడుచేయవు కదా అని అనుమానం వచ్చింది. ఎలుకల మీద పరీక్షించి చూడాలంటే రెండేళ్లు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. అందుకని ఆయన సాల్మొనెల్లా అనే బాక్టీరియాను ఎంచుకున్నారు.

మామూలు సాల్మొనెల్లా తనకు కావలసిన హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తానే తయారుచేసుకుంటుంది. ఏమ్స్ తీసుకున్న రకాలలో ఆ పనిచేసే జన్యువు చెడిపోయి ఉంది. హిస్టిడిన్ దాదాపు లేని గాజు పళ్లెంలో వేస్తే అవి పెరగలేవు. ఇప్పుడు అనుమానమున్న రసాయనాన్ని చేర్చండి. అది జన్యువులను మార్చేదైతే, ఆ మార్పులలో కొన్ని చెడిన జన్యువును అనుకోకుండా బాగుచేస్తాయి. బాగుపడిన ప్రతి బాక్టీరియమూ రెండు రోజులలో కంటికి కనిపించే చుక్కగా పెరుగుతుంది. ఆ చుక్కలు లెక్కపెట్టడమే పరీక్ష! రసాయనం లేకపోయినా కొన్ని చుక్కలు వస్తాయి కనుక, రసాయనం వేయని పళ్లెం ఒకటి పక్కన పెట్టుకుని పోల్చాలి. కొన్ని పదార్థాలు కాలేయంలో మారిన తరువాతే హానికరమవుతాయి. అందుకే ఎలుక కాలేయ రసాన్ని కూడా పళ్లెంలో కలుపుతారు.

1970లలో అమెరికాలో పిల్లల రాత్రి దుస్తులకు నిప్పంటుకోకుండా 'ట్రిస్' అనే రసాయనం పట్టించేవారు. అది ఈ పరీక్షలో జన్యువులను మార్చింది. 1977 జనవరిలో ఆర్లీన్ బ్లమ్‌తో కలిసి ఏమ్స్ ఈ సంగతి ప్రకటించారు. ఏప్రిల్‌లో ఆ దుస్తులలో ట్రిస్‌ను నిషేధించారు. (ఈ బ్లమ్ పర్వతారోహకురాలు కూడా. 1978లో అన్నపూర్ణ శిఖరానికి మహిళా బృందాన్ని నడిపించింది ఆవిడే.)

మరి వేలకొద్దీ ఉల్లేఖనలు పొందిన వ్యాసాలేవి? వాటిలో ముఖ్యమైనవి 1975, 1983లలో వచ్చిన రెండు. బాక్టీరియాను ఎలా నిలవచేయాలి, ఏది ఎంత కలపాలి అనే వంట పుస్తకం వంటివి అవి. పరీక్ష చేసినవారిలో ఎందరో వాటిని పేర్కొన్నారు. ఏమ్స్ పరీక్షకు పేటెంటు తీసుకోలేదు. అడిగిన ప్రయోగశాలలకు బాక్టీరియాను ఉచితంగా పంపారు. దాచుకుని ఉంటే అంత లెక్క వచ్చేదా?

అయితే చేతులు మారినంత మాత్రాన అంతా ఒప్పని కాదు. నేను చెప్పిన పిల్లవాడు ఒకసారి గుండె పటంలో కుడి ఎడమలు తారుమారు చేశాడు. అదే తప్పు మరి పదకొండు రికార్డులలో దిద్దాను!

కాన్సర్ కలిగించే పదార్థాలలో సుమారు 90 శాతాన్ని ఈ పరీక్ష పట్టేస్తుందని 1975లో తేలింది. తరువాత ఇతరులు మరెన్నో పదార్థాలను పరీక్షిస్తే ఆ శాతం బాగా తగ్గింది. 1990లో ఏమ్స్ మరో సంగతి రాశారు: మన ఆహారంలోని పురుగు సంహారకాలలో, బరువు ప్రకారం, 99.99 శాతం మొక్కలు తమ రక్షణకు తామే తయారుచేసుకున్నవేనట! కృత్రిమ రసాయనాలకు మరీ భయపడనక్కరలేదని ఆయన వాదం. దీనిపై చాలా మంది శాస్త్రజ్ఞులు గట్టిగా విభేదించారు. ఆయనను ఖండిస్తూ రాసినవారు కూడా ఆ వ్యాసాన్ని తమ జాబితాలో చేర్చవలసిందే. సూచికలో అదీ ఒక ఉల్లేఖనే.