ఆటగాడిగా అందనిది.. కోచ్‌గా అందుకోవచ్చు!

మాధవరం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో పాఠశాల, కళాశాల స్థాయిలో చక్కగా రాణించిన యువకులు పలువురు డిగ్రీ ముగిసేసరికి మైదానానికి దూరమవుతున్నారు. జట్టులో చోటు దక్కకుంటే క్రీడాజీవితం ముగిసినట్లేనన్న అభిప్రాయం ఇందుకు ఒక కారణం. అయితే సహాయక కోచ్ రూపంలో మరో మార్గం ఉందని హైదరాబాద్ రంజీ మాజీ ఆటగాడు ఆర్.శ్రీధర్ ప్రస్థానం నిరూపిస్తోంది.

విభాగానికో శిక్షకుడు

జట్టు మొత్తానికి ప్రధాన కోచ్ బాధ్యుడు కాగా, ఏదో ఒక విభాగాన్ని తీర్చిదిద్దడం సహాయకుల పని. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరేవారికి, ప్రత్యర్థులను అడ్డుకునేవారికి వేర్వేరు సహాయక కోచ్‌లుంటారు. క్రికెట్‌లో బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ కోచ్‌లు ఈ కోవలోకే వస్తారు.

ఒక్క సిరీస్‌తో మొదలై..

ఎడమచేతి వాటం స్పిన్నరైన శ్రీధర్ 35 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 91 వికెట్లు పడగొట్టారు. భారత జట్టుకు ఆడే అవకాశం మాత్రం రాలేదు. అనంతరం శిక్షణ రంగంలోకి అడుగుపెట్టి, 2014 అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టుకు సహాయక కోచ్‌గా పనిచేశారు. అదే ఏడాది ఐపీఎల్‌లో పంజాబ్ ఫీల్డర్లకు శిక్షణనిచ్చారు. ఆ ఆగస్టులో ఇంగ్లండ్ చేతిలో భారత్ 3-1తో టెస్టు సిరీస్ కోల్పోగా, వన్డేల కోసం ఆయనను ఫీల్డింగ్ కోచ్‌గా నియమించారు. ఒక్క సిరీస్ కోసం వచ్చిన ఆ పిలుపు 2021 టీ20 ప్రపంచకప్ వరకు కొనసాగింది. ఆస్ట్రేలియా గడ్డపై 2018-19, 2020-21లలో సాధించిన టెస్టు సిరీస్ విజయాల్లో ఆయన శిక్షణ పొందిన ఫీల్డర్లు పాలుపంచుకోవడం విశేషం.

అర్హతలు తప్పనిసరి

ఆటలో అనుభవం ఒక్కటే చాలదు. 1961లో ప్రారంభమైన పాటియాలా జాతీయ క్రీడా సంస్థ వివిధ క్రీడల్లో ఏడాది డిప్లొమాతోపాటు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సులు నిర్వహిస్తోంది. క్రికెట్‌కు సంబంధించి బీసీసీఐ స్థాయిల వారీగా కోచ్‌లకు శిక్షణనిస్తోంది. వ్యాయామ విద్యలో బీపీఈడీ చేసినవారికి పాఠశాలల్లో ఉపాధికి అవకాశముంటుంది.

భద్రత తక్కువే

ఈ వృత్తిలో ఒడిదుడుకులూ లేకపోలేదు. జట్టు వరుసగా ఓడితే సహాయకులపైనే ముందుగా వేటు పడవచ్చు. ప్రధాన కోచ్ మారితే కొత్తవారు తమకు నచ్చినవారిని తెచ్చుకోవడం పరిపాటి. అందువల్ల ఒక విభాగంలో ప్రత్యేక నైపుణ్యం సంపాదించి, చిన్నారుల జట్లతో పని ఆరంభించి, చేతిలో ధ్రువపత్రం ఉంచుకున్నవారే ఈ రంగంలో నిలదొక్కుకోగలరు.