ట్యూబులో పూసలు.. చక్రానికి సమతూకం

వేగం పెరిగేకొద్దీ హ్యాండిల్ వణుకుతోందంటే చక్రం బరువు అన్ని వైపులా సమంగా లేదని అనుమానించాలి. రిమ్ముకు సీసం బిళ్లలు బిగించడం పాత పద్ధతి. టైరులో సన్నని గాజు లేదా సిరామిక్ పూసలు పోయడం మరో మార్గం. ట్యూబ్‌లెస్ టైర్లలో ఇది తేలిక. ఊచల చక్రాల మోటారు సైకిళ్లలో చాలావాటికి ట్యూబు ఉంటుంది. చిక్కంతా అక్కడే.

పూసలను టైరుకు, ట్యూబుకు మధ్య వేయరాదు. అక్కడ అవి కదలలేవు సరికదా, ఒరుసుకుని ట్యూబును దెబ్బతీస్తాయి. వాల్వు పిన్ను విప్పి ట్యూబులోకే పోయాలి. స్ప్రింగులపై ఆడే చక్రం తగిన వేగం అందుకున్నాక తన బరువు కేంద్రం చుట్టూ తిరగజూస్తుంది. అప్పుడు తేలిక వైపు అంచు ఆ కేంద్రానికి దూరమవుతుంది. పూసలు అటు చేరి లోటు పూడుస్తాయి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు మాత్రం ప్రయోజనం శూన్యం.

ట్యూబులో తడి ఉంటే పూసలు ముద్దకడతాయి. పంక్చరు నివారణ ద్రవం పోసిన ట్యూబుకూ ఇవి పనికిరావు. గాలి చూసేటప్పుడు వాల్వు పైవైపు ఉండాలి. లేకుంటే పూస పిన్నులో ఇరుక్కుని గాలి కారుతుంది. ముందు చక్రంలో గాలి దిగితే బండి అదుపు తప్పే ప్రమాదముంది. రిమ్ము వంగినా, బేరింగు అరిగినా ఎన్ని పూసలు పోసినా వణుకు తగ్గదు. ముందుగా వాటిని మెకానిక్కుకు చూపించుకోవడం ఉత్తమం.