పూలమడికి రాతి గట్టు

అచ్చంపేటలో చాలా ఇళ్ల ముందర చిన్నదో పెద్దదో ఒక పూలమడి ఉంటుంది. నాలుగు కనకాంబరాలు, ఒక మందారం, ఒకటి రెండు గులాబీలు, వానకాలంలో నాటిన బంతి. ఆదివారం మందిరములో బల్లమీద పెట్టే పూలు చాలావరకు ఇలాంటి మళ్లలోనివే. అయితే ఎండాకాలంలో ఆ మడిని బ్రతికించేది ఇంటి స్త్రీ మోసే నీళ్లు. బోరులో నీరు తగ్గిన రోజుల్లో వంటకు, స్నానాలకు పోగా మిగిలిన ఒకటి రెండు బిందెలు ఆమె మొక్కలకు పోస్తే, అవి వేరుకు అందకముందే వాకిట్లోకి, అక్కడినుండి వీధిలోకి పారిపోతాయి. అందుకే పూలమడికి గట్టు కట్టడాన్ని గూర్చి వ్రాస్తున్నాము. అందం సంగతి తరువాత.

మనవైపు ఎక్కువగా కనిపించేది ఇటుక గట్టు. ఇటుకలను రంపపు పళ్లలాగా ఏటవాలుగా పాతి, క్రిస్మస్ ముందు సున్నము, జాజు పూస్తారు. బడులలో, మందిరాల ఆవరణలలో ఇదే పద్ధతి. చూడటానికి ముచ్చటే. కాని సరిగా కాలని ఇటుక వానకు నాని పొడిగా రాలుతుంది. సందులలోనుండి నీరు పోతూనే ఉంటుంది, గరిక లోపలికి పాకుతూనే ఉంటుంది. రాతి పలకలు పరచిన గట్టు ఒక్కసారి శ్రమ, తరువాత ఏండ్ల తరబడి నిశ్చింత. (తుంగ మాత్రం ఏ గట్టుకూ ఆగదు. దాని గడ్డలను త్రవ్వి ఏరవలసిందే.)

రాయికి డబ్బు పెట్టనవసరం లేదు. ఇంట్లో టైల్సు వేయించుకొనేవారు పాత తాండూరు బండలు, షాబాదు బండలు తీసి మూలన పడవేస్తారు, అడిగితే ఇస్తారు. నునుపు వైపు క్రిందికి, గరుకు వైపు పైకి ఉండాలి, లేకపోతే తడిసినప్పుడు కాలు జారుతుంది. నల్లమల ప్రక్కనే ఉన్నది గదా అని అక్కడి రాళ్లకు ఆశపడవద్దు. ఆ అడవి అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతం. అటవీశాఖ అనుమతి లేకుండా రాయి కూడా తేరాదు.

పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల మడిని అనుకుందాము. దాని చుట్టూ 9 అంగుళాల వెడల్పు గట్టుకు, అడుగు పొడవు గల పలకలు 31 పడతాయి. పగిలేవాటికి మరి రెండు మూడు ఉంచుకోండి. తొలకరికి నేల మెత్తబడ్డాక మేకులు పాతి, త్రాడు కట్టి, 5 అంగుళాల లోతు కాలువ తీయండి. మన ఎర్ర చలక నేల ఎండలో గడ్డపారకు కూడా లొంగదు. అడుగున 3 అంగుళాలు మొరం పోసి, తడిపి, దిమ్మిసతో బాగా కొట్టాలి. దానిపై అంగుళం మందాన ఇసుకగాని క్రషర్ డస్టుగాని పరచి, పలకలు దగ్గర దగ్గరగా పేర్చాలి.

అసలు కిటుకు వాలులో ఉన్నది. వానలు మెండుగా కురిసే సీమల్లో పలకలను బయటికి వాల్చుతారు. మనము లోపలికి వాల్చాలి. 9 అంగుళాలకు పావు అంగుళం వాలు చాలు. రసమట్టం పెట్టి చూసుకోండి. మడిలోని మన్ను రాతి అంచుకంటే రెండు అంగుళాలు దిగువగా ఉండాలి. అప్పుడు పోసిన బిందె నీళ్లు బిందె నీళ్లుగానే నిలుస్తాయి. అంతే కాదు, అంగుళం వాన పడితే ఆ గట్టుమీద పడిన నీరే 50 లీటర్లకు పైగా ఉంటుంది. అంటే ఆ ఇల్లాలు మోయనవసరం లేని మూడు బిందెలు.

పలకల సందులలో సిమెంటు వద్దంటాము. నేల కుంగితే సిమెంటు పగులుతుంది. ఇసుకమీద కూర్చున్న రాయినైతే ఎత్తి మళ్లీ సరిచేసుకోవచ్చు. బయటి అంచులను సుత్తెతో కొట్టి మొద్దు చేయండి. మిద్దెమీదనుండి ఎవరూ పడకుండా పిట్టగోడ కట్టించుకొమ్మని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉన్నది. వాకిట్లో ఉత్తకాళ్లతో పరుగెత్తే పిల్లలున్న ఇంటికి ఈ రాతి అంచు విషయములోనూ ఆ జాగ్రత్త వర్తిస్తుందని మా అభిప్రాయము.

చేతకానివారు మేస్త్రిని పిలవండి. 2016 వరకు అచ్చంపేట మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లా కూలీలు "పాలమూరు లేబరు" అనే పేరుతో దేశమంతటా తిరిగి ఆనకట్టలు కట్టారు, కాలువలు త్రవ్వారు. తమ ఊళ్లలో నీరు లేక వెళ్లి ఇతరుల పొలాలకు నీరు పారించినవారు వారు. ఇది వారికి ఒక్క పూట పని. చిన్న పనే గదా, కూలి రేపు చూద్దామనే మాట విశ్వాసుల ఇళ్లలో కూడా వినబడుతుంది. పొద్దు గుంకకముందే కూలి చేతిలో పెట్టాలన్న ఆజ్ఞ అదే గ్రంథము 24వ అధ్యాయములో ఉన్నది.

మడికి పల్లంగా ఉన్న వైపు జానెడు సందు విడిచి, చిన్న రాళ్లతో మూసి ఉంచండి. ముసురు పట్టినప్పుడు ఆ రాళ్లు తీసివేస్తే ఎక్కువైన నీరు పోతుంది. చామంతి, కనకాంబరం నీరు నిలిస్తే కుళ్లిపోతాయి. మొదటి పెద్ద వాన వెలిశాక గట్టు చుట్టూ ఒకసారి నడిచి, కుంగిన పలకల క్రింద మరి కొంచెం ఇసుక వేసి, బంతి నారు పోసుకోండి.