గర్భనిరోధక మాత్రయు స్త్రీ హార్మోనులును

గర్భనిరోధక మాత్రలు మ్రింగిన కోడలికి గర్భసంచి యెండిపోవుననియు, నిక సంతానము కలుగదనియు రచ్చబండకడ ననుకొనుట కలదు. ఆ మాత్ర చేయు పనిని తెలిసికొని పిదప మాటాడుట మేలు.

శరీరమున కొన్ని గ్రంథులు నేరుగా రక్తములోనికి విడుచు రసములకు హార్మోనులని పేరు. మెదడు క్రింద బఠాణీగింజంత పీయూషగ్రంథి కలదు. అది రెండు హార్మోనులను విడిచి యండాశయమును మేల్కొల్పును. అండము పక్వమగుకొలది నండాశయమునుండి ఈస్ట్రాడయోలు హెచ్చును. అది మిక్కిలి హెచ్చినంతనే పీయూషగ్రంథినుండి ఎల్.హెచ్. అను హార్మోను వెల్లువవలె వచ్చును. దాదాపు ఒకటిన్నర దినమునకు అండము వెలువడును. పిదప ప్రొజెస్టిరోను పెరిగి గర్భాశయమును సిద్ధపఱచును. గర్భము నిలువనిచో రెండు వారములకు నదియు తగ్గి ఋతుస్రావ మగును.

ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములవారిచ్చు మాలా-ఎన్ మాత్రలో లెవొనార్జెస్ట్రెలు 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రాడయోలు 0.03 మిల్లీగ్రాములు ఉండును. ఇవి స్త్రీశరీరమునందలి రసములను పోలినవి. చెరువు నీరటికాడు మడి నిండియుండుట కన్నచో తూము మూయును గదా! అట్లే వీనిని రక్తమున గుర్తించి పీయూషగ్రంథి తన తూమును బిగించును. ఎల్.హెచ్. వెల్లువ రాదు, అండము వెలువడదు. స్త్రీకి సొంతముగా పుట్టు ఈస్ట్రాడయోలు, ప్రొజెస్టిరోను తక్కువగనే యుండును. కావున మాత్రవలన హార్మోనులు పెరుగుననుట సగము మాటయే. కాలేయము ఒక మాంసకృత్తును హెచ్చుగా చేయుటచే, స్త్రీలయందును కొలదిగా నుండు పురుషహార్మోనులో స్వేచ్ఛగా తిరుగు భాగము తగ్గును. కొందఱికి మొటిమలు తగ్గుట యిందువలననే.

మాలా యనగా దండ. ఈ దండకు 28 పూసలు. 21 హార్మోనువి, కడపటి 7 ఇనుపవి. ఈ యేడు దినములలో కనబడు రక్తము నిజమైన ఋతువు కాదు, హార్మోను ఆగుటచే వచ్చునది. మాత్ర మానినచో తూము మరల తెఱచుకొనును. పెక్కుమందికి కొలది మాసములలోనే అండము వెలువడసాగును. గర్భసంచి యెండుట కల్ల.

1960లో అమెరికాలో ననుమతి పొందిన ఎనోవిడ్ మాత్రలో ఈస్ట్రోజెను నేటికంటె పలురెట్లు హెచ్చు. అయినను భయపడదగినది నేటికిని ఒకటి కలదు. ఈస్ట్రోజెను రక్తము గడ్డకట్టు గుణమును కొంత పెంచును. రక్తపుపోటు గలవారు, మునుపు గడ్డలు కట్టినవారు, 35 ఏండ్లు దాటి పొగత్రాగువారు దీనిని వాడరాదు. ఉత్తరాంధ్ర తీరమున అడ్డపొగ త్రాగు స్త్రీలును ఈ లెక్కలోనివారే. ఆఱు నెలలు నిండని బిడ్డకు పాలిచ్చు తల్లికిని తగదు. కాలిపిక్క వాచి నొప్పించినను, ఊపిరాడకున్నను మాత్ర నాపి, తిథివారములు చూడక వెంటనే వైద్యుని కడకు గొనిపోవలయును.