పేరు మారింది, డబ్బు పడలేదు: ఊళ్ళో ప్రభుత్వం మారితే మన పొలానికి, రేషన్ కార్డుకి ఏమవుతుంది?

జహ్రాలో శుక్రవారం పొద్దున రూముల్లో ఫోన్లు మోగడం మొదలైతే జుమ్మా నమాజు దాకా ఆగవు. రాయచోటి నుంచి ఒకరికి, రాజంపేట నుంచి ఇంకొకరికి, రాజోలు నుంచి మరొకరికి. కొంతకాలంగా ఆ ఫోన్లలో ఒకే రకం మాటలు వినబడుతున్నాయి. "పక్కింటోళ్ళకి డబ్బులు పడినాయి, మనకి పడలేదు." "కార్డులో నీ పేరు మీద బియ్యం ఇయ్యలేదు." "పంట పోయినా ఇన్సూరెన్సు రాదంట." ఫోన్ పెట్టేశాక ఇక్కడ మనం అనుకునేదీ ఒకటే: గవర్నమెంటు మారింది కదా, మన పేరు తీసేసి ఉంటారు.

చాలాసార్లు పేరు ఎవరూ తీసి ఉండరు. ప్రభుత్వం మారినప్పుడు పథకం పేరు, డబ్బు మొత్తం మైకు పెట్టి చెబుతారు. ఆ కింద ఏ కాగితం మారింది, ఎవరు వేలిముద్ర వెయ్యాలి, ఏ తారీకు లోపల డబ్బు కట్టాలి అన్నదానికి మాత్రం చాటింపు ఉండదు. ఊళ్ళో ఉన్నవాడు సచివాలయం దాకా నడిచిపోయి కనుక్కుంటాడు. మనం సముద్రం ఇవతల ఉన్నాం, మనకి తెలిసేసరికి గడువు దాటిపోతుంది.

ముందు బియ్యం సంగతి చూద్దాం. మనలో పెద్దవాళ్ళకి ఇది బాగా గుర్తుంటుంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం వచ్చి కిలో 2 రూపాయల బియ్యం మొదలుపెట్టింది. ఆయన దిగిపోయాక వచ్చిన ప్రభుత్వాల కాలంలో ధర పెరిగింది. 1994 చివర్లో ఆయన మళ్ళీ వచ్చి మళ్ళీ 2 రూపాయలు చేశారు. ఆయన తర్వాత ఇంకోసారి పెరిగింది. 2008లో రాజశేఖర రెడ్డి ప్రభుత్వం తిరిగి 2 రూపాయలకి తెచ్చింది, 2011లో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం రూపాయి చేసింది. అంటే ఒకే బస్తా బియ్యం, కుర్చీలో మనిషి మారినప్పుడల్లా ధర మారుతూ వచ్చింది. ఎందుకంటే అది ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వు, అదే జీవో. ఒక జీవోని ఇంకో జీవో కొట్టేస్తుంది.

2013లో పార్లమెంటు జాతీయ ఆహార భద్రతా చట్టం చేసింది. దాని ప్రకారం కార్డులో ఉన్న మనిషికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ కార్డు ఉన్న కుటుంబానికి 35 కిలోలు. మరుసటి ఏడాదే కేంద్రంలో ప్రభుత్వం మారింది, చట్టం మాత్రం అలాగే ఉంది. 2023 జనవరి నుంచి ఆ బియ్యం ఉచితంగానే ఇస్తున్నారు. చట్టంలో ఉన్నదాన్ని తీసెయ్యాలంటే మళ్ళీ సభలో పెట్టి ఓటు వెయ్యాలి, ఒక అధికారి సంతకంతో పోదు. ఇంటి దగ్గర ఎవరైనా డీలరు "కొత్త గవర్నమెంటు, మీకు బియ్యం లేవు" అంటే ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

మధ్యలో ఖాళీ వచ్చే సీజను

రైతు డబ్బు దగ్గరికొస్తే కథ వేరు. అది దాదాపు పూర్తిగా జీవోల మీద నడిచేది.

2019 ఎన్నికల ముందు చంద్రబాబు ప్రభుత్వం అన్నదాత సుఖీభవ మొదలుపెట్టింది. ఆ మేలోనే ప్రభుత్వం మారింది, ఆ పేరు పోయింది. అక్టోబరులో జగన్ ప్రభుత్వం వైఎస్సార్ రైతు భరోసా తెచ్చింది: రాష్ట్రం 7,500, కేంద్రం పీఎం కిసాన్ కింద 6,000, మొత్తం ఏడాదికి 13,500. 2024 జూన్‌లో మళ్ళీ మారింది. పాత పేరే తిరిగొచ్చింది, అన్నదాత సుఖీభవ: రాష్ట్రం 14,000, కేంద్రం 6,000, మొత్తం 20,000. అంకె పెద్దదైంది, మంచిదే. కానీ మొదటి విడత పడింది 2025 ఆగస్టు 2న. ప్రభుత్వం మారిన రోజుకి, డబ్బు పడిన రోజుకి మధ్య ఒక ఖరీఫ్, ఒక రబీ రాష్ట్రం వాటా లేకుండానే గడిచిపోయాయి.

తెలంగాణలోనూ అదే వరస. అక్కడ 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి ఏడాదికి 10,000 దాకా వచ్చింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక, కొత్త పేరు రైతు భరోసా కింద ఎకరానికి 12,000 అని 2025 జనవరి 26న మొదలుపెట్టారు. మధ్యలో 2024 వానాకాలం పంటకి పెట్టుబడి సాయం పడలేదు.

ఆ ఖాళీ సీజన్లో విత్తనాలు, ఎరువులు, ట్రాక్టరు బాడుగ ఎవరు కట్టారు? ఇక్కడ నెలకి వంద, నూట ఇరవై దినార్లకి ఎండలో ఇటుకలు మోసేవాళ్ళు, ఇళ్ళల్లో వంట చేసే అక్కలు కట్టారు. లేదంటే ఊళ్ళో వడ్డీకి తెచ్చారు. ఏ పార్టీ వచ్చినా మొదటి ఏడాది లెక్కలు చూసుకోవడానికి, జాబితాలు కొత్తగా వెయ్యడానికి పోతుంది. అందుకని ఎన్నికలు జరిగిన ఏడాది ప్రభుత్వం డబ్బు వస్తుందన్న లెక్కతో పంట పెట్టమని ఇంటికి చెప్పకండి. వస్తే సరే, రాకపోతే అప్పు కాకుండా ఉంటుంది.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన నిజం కూడా చెప్పాలి. పీఎం కిసాన్ నిబంధనల్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకి, ప్రవాస భారతీయులకి ఆ డబ్బు వర్తించదని ఉంది. పట్టా మీ పేరు మీదే ఉండి, మీరు ఏళ్ళ తరబడి అకామా మీద ఇక్కడే ఉంటే, అది ఆగడానికి కారణం ప్రభుత్వం మారడం కాకపోవచ్చు. అర్హత లేకుండా తీసుకున్నది తిరిగి కట్టమనడం కూడా జరుగుతుంది. "రెండు వేలివ్వు, నీ పేరు మళ్ళీ ఎక్కిస్తా" అని ఫోన్ చేసేవాడికి మాత్రం ఒక్క రూపాయి పంపకండి.

అర్హత ఉన్నా డబ్బు పడకపోతే ముందు బ్యాంకు చూడాలి. ఇప్పుడు డబ్బు నేరుగా ఆధార్‌కి జోడించిన ఖాతాకే వెళ్తుంది. మీ అమ్మకి రెండు ఖాతాలు ఉంటే, ఎప్పుడో తెరిచి వదిలేసిన దానికి ఆధార్ జోడించి ఉండొచ్చు. రెండేళ్ళు లావాదేవీ లేని ఖాతా నిద్రలోకి పోతుంది. బ్యాంకుకి పోయి "ఆధార్ ఏ ఖాతాకి లింకు అయి ఉంది, అది నడుస్తోందా" అని అడిగితే చాలు.

చడీచప్పుడు లేకుండా మారినవి

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది పంటల బీమా. ఆంధ్రలో వెనకటి ప్రభుత్వం ఉచిత పంటల బీమా నడిపింది. ఈ-క్రాప్‌లో పంట నమోదైతే చాలు, రైతు వాటా కూడా ప్రభుత్వమే కట్టేది. 2024-25 రబీ నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు రైతు తన వాటా కట్టాలి: కేంద్ర పథకం లెక్కలో బీమా మొత్తం మీద ఖరీఫ్ పంటకి 2 శాతం, రబీ పంటకి ఒకటిన్నర శాతం, తోటలకి, వాణిజ్య పంటలకి 5 శాతం దాకా. "ఈ-క్రాప్ అయింది కదా, ఇన్సూరెన్సు ఉన్నట్టే" అని ఇంట్లోవాళ్ళు పాత అలవాటుతో ఊరుకుంటే, అకాల వానకి పంట పోయిన రోజున గానీ తెలియదు. గడువు సీజను సీజనుకీ వేరు. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో అడగమనండి. మనం రైతు భరోసా కేంద్రం అనేవాళ్ళం, అదే ఆఫీసు, బోర్డు మారింది.

రెండోది భూమి కాగితం. వెనకటి ప్రభుత్వం తెచ్చిన భూ హక్కుల చట్టాన్ని, అదే ల్యాండ్ టైటిలింగ్ చట్టాన్ని, 2024 జులైలో కొత్త అసెంబ్లీ రద్దు చేసింది. జగన్ ఫొటో ఉన్న పాసు పుస్తకాల బదులు రాజముద్ర ఉన్నవి ఇస్తున్నారు. పుస్తకం మీద ఎవరి బొమ్మ ఉందన్నది మనకి అంత ముఖ్యం కాదు, లోపల విస్తీర్ణం సరిగ్గా ఉందా అన్నదే ముఖ్యం. రీసర్వే అయిన ఊళ్ళల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్పీఎం నంబర్లు వచ్చాయి. కొలతల రోజు మనం గట్టు మీద లేము. పక్క పొలం వాడు ఉన్నాడు. మీభూమి వెబ్‌సైటులో 1బీ, అడంగల్ ఫోన్లోనే చూడొచ్చు. శుక్రవారం పది నిమిషాలు పెట్టి, పాత పుస్తకం ఫొటో పక్కన పెట్టుకుని, సెంట్లతో సహా సరిపోల్చండి. తెలంగాణ వాళ్ళు ధరణి బదులు 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూ భారతిలో చూసుకోవాలి.

మనలో చాలామంది పొలం కౌలుకి ఇచ్చి వచ్చినవాళ్ళే. కౌలు రైతుకి కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం మన సంతకం కావాలి. "సంతకం పెడితే భూమి పోతుంది" అని భయపడి పెట్టం. ఆ కార్డు 11 నెలలకే, అది పంట మీద హక్కు, భూమి మీద కాదు. మన సంతకం లేక ఆ మనిషికి బ్యాంకు అప్పూ ఉండదు, నష్టపరిహారమూ ఉండదు. ఇక్కడ కఫీలు ఒక కాగితం మీద సంతకం పెట్టకపోతే మన బతుకు ఎట్లా ఆగిపోతుందో మనకి తెలుసు కదా.

రేషన్ కార్డు, వేలిముద్ర

ఆంధ్రలో 2021లో మొదలైన రేషన్ బండ్లు, 9,260 ఉండేవి, 2025 జూన్ 1 నుంచి ఆగిపోయాయి. ఇప్పుడు నెలలో 1 నుంచి 15 తారీకు దాకా షాపు దగ్గరే ఇస్తారు. 65 ఏళ్ళు దాటినవాళ్ళకి, దివ్యాంగులకి ఇంటికే తెచ్చివ్వాలి. ఇంట్లో ముసలమ్మ ఒక్కతే ఉంటే ఈ మాట డీలరుకి గుర్తు చెయ్యాలి. అడగనిదే తేరు. 2025 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడు ఉన్న స్మార్టు కార్డులు పంచుతున్నారు.

పేచీ ఈ-కేవైసీతో వస్తోంది. కార్డులో పేరున్నవాళ్ళు వేలిముద్ర వెయ్యాలి, మనం అక్కడ లేము. ఇది ఒక్క రాష్ట్రం పెట్టింది కాదు, కేంద్రం దేశమంతటా అడుగుతోంది. న్యాయంగా చెప్పుకోవాలంటే, ఇక్కడ తింటున్న మన వంతు బియ్యం అక్కడ అడగడం కష్టమే. కానీ వేలిముద్ర పడని పేరు మీద బియ్యం ఆపినా, వేసినవాళ్ళవి ఆపకూడదు. "ఇంటాయన వచ్చేదాకా మొత్తం కార్డు బంద్" అంటే ఎమ్మార్వో ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోమనండి. ఒక్క నెల కూడా వదలకుండా సరుకు తీసుకోమని కూడా చెప్పండి. ఆరు నెలలు తీసుకోని కార్డుని పక్కన పెట్టి విచారణ చెయ్యాలని కేంద్రం 2025లో నిబంధన పెట్టింది. పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయి ఉన్న ఇల్లాళ్ళకి ఇది తగిలే దెబ్బ.

అన్ని మార్పులూ ప్రభుత్వం మారినందుకే రావు, అది కూడా చూశాం. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. అక్కడ ధర తగ్గించడానికి చేసిన పని, ఇక్కడ బక్కాలాలో మన సోనా మసూరి బస్తాకి ఎసరు పెట్టింది. 2024 సెప్టెంబరు చివర్లో నిషేధం ఎత్తేశారు. రెండు నిర్ణయాలకీ మధ్య లోక్‌సభ ఎన్నికలు జరిగాయి, కేంద్రంలో అదే ప్రధాని. అమ్ముకునే రైతుగా ఊళ్ళో నష్టపోయి, కొనుక్కునే కూలీగా ఇక్కడ నష్టపోయినవాళ్ళం మనమే అయ్యుంటాం.

ఇక వేలిముద్రకి, భూమి పనికి ఊరికి పోవాల్సి వస్తే: కువైట్ కార్మిక చట్టం, 2010 నాటి 6వ నంబరు చట్టం, కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇస్తుంది. ఇళ్ళల్లో పనిచేసే అక్కలకి 2015 నాటి 68వ చట్టం ఉంది. దాంట్లోనూ జీతంతో ఏడాది సెలవు ఉంది, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని ఉంది, తిండి, బస, బట్టలు యజమానే చూడాలని ఉంది. తిండి పేరు చెప్పి జీతంలో కోత పెడుతుంటే అది చట్టానికి విరుద్ధం.

పోలేనివాళ్ళు ఎంబసీ ద్వారా భార్యకో తమ్ముడికో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. అన్ని అధికారాలూ రాసిచ్చే జనరల్ పవర్ వద్దు, దాంతో పొలం అమ్మేసిన కథలు ఈ రూముల్లోనే ఎన్నో విన్నాం. పాసు పుస్తకం తీసుకోవడం, కొలతలకి హాజరు కావడం, బీమా కట్టడం అని పని పేరు పెట్టి రాసే స్పెషల్ పవర్ చాలు. ఆ కాగితం ఇండియా చేరిన 3 నెలల లోపల అక్కడ స్టాంపు వేయించాలి. తమ్ముడు బీరువాలో పెట్టి మర్చిపోకుండా, చేరిన రోజే తారీకు రాసి పెట్టుకోమనండి.