పని పోయిన రోజుల్లో ఆరోగ్యం – డిజైన్ పని చేసే మన పిల్లల కోసం



కడుపులో మంట, తలనొప్పి, నిద్ర పట్టడం లేదు అంటూ మా ఓ.పి.కి వచ్చే యువకులలో కొందరికి పరీక్షలన్నీ మామూలుగానే ఉంటాయి. కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. "డీటీపీ సెంటర్లో డిజైన్లు చేసేవాణ్ణి మేడం గారూ, మానిపించేశారు" అంటారు. పక్కనున్న తల్లి "ఆయ్, పగలంతా పడుకుంటాడండి, రాత్రంతా ఆ సెల్‌ఫోనేనండి" అని కళ్లు తుడుచుకుంటుంది.

తప్పు ఎవరిది?

మన రామచంద్రపురం లాంటి ఊళ్లలో ఒకప్పుడు షాపుల బోర్డులు, గోడల మీద ప్రకటనలు కుంచెతో రాసే పెయింటర్లు ఉండేవారు. 2000 తరువాత ఫ్లెక్సీ మిషన్లు వచ్చి వారి పని తీసుకున్నాయి. ఫొటోషాప్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు నేర్చుకున్న పిల్లలకు అప్పుడు పని దొరికింది. ఇప్పుడు వంతు వీరిది. శుభలేఖలు చాలావరకు వాట్సాప్‌లోకి వెళ్లాయి. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఈమధ్య కృత్రిమ మేధ వచ్చి, మాట చెబితే ఫోనే బొమ్మ వేసి ఇస్తోంది. కాబట్టి పని పోయింది ఆ అబ్బాయి సోమరితనం వలన కాదు.

జీతంతో పాటు పోయేవి

ఆస్ట్రియా దేశంలో మారియంతాల్ అనే ఊరిలో 1930 ప్రాంతంలో బట్టల మిల్లు మూతపడింది. ఊరంతా పని కోల్పోయింది. మేరీ యహోదా, మరికొందరు పరిశోధకులు అక్కడికి వెళ్లి గమనించి 1933లో పుస్తకం రాశారు. తీరిక పెరిగినా గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకునేవారు తగ్గిపోయారు. మగవారు నెమ్మదిగా, ఆగి ఆగి నడిచేవారు. పని మనకు డబ్బు మాత్రమే ఇవ్వదు. లేచే వేళ, తినే వేళ, పలకరించే మనుషులు, నలుగురిలో విలువ కూడా ఇస్తుంది. అవన్నీ ఒక్కసారిగా పోతే శరీరం కూడా దెబ్బతింటుంది.

ఏమి చేయాలి?

1. ముందు రోజును నిలబెట్టుకోండి. పనికి వెళ్లిన రోజుల్లో లేచిన వేళకే లేవండి. స్నానం, టిఫిను, అరగంట నడక తప్పనిసరి. రాత్రి పదికి ఫోను పక్కన పెట్టండి.

2. పని వెతకడానికి ఉదయం రెండు మూడు గంటలు కేటాయించండి. రోజంతా అదే ధ్యాసలో ఉండవద్దు. ఎవరిని అడిగారో, ఏమన్నారో నోటుపుస్తకంలో రాసుకోండి.

3. మీరు చేసిన మంచి డిజైన్లు పది ఎంచి ఒకచోట పెట్టుకోండి. కాకినాడ, రాజమండ్రి ప్రెస్సులకు, స్కూళ్లకు, ఆసుపత్రులకు స్వయంగా వెళ్లి చూపించండి.

4. యూనికోడ్ తెలుగు టైపింగ్, వీడియో ఎడిటింగ్ నేర్చుకోండి. ఫోను బొమ్మ వేసినా, ఒత్తులు, గుణింతాలు సరిచూడడానికి తెలుగు తెలిసిన మనిషి కావాలి.

5. ఉద్యోగం ఇస్తాం, ముందు డిపాజిట్ కట్టండి అనేవారిని నమ్మవద్దు. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

ఇంట్లోవారికి, సంఘానికి

"ఏమైంది, దొరికిందా?" అని పూటపూటా అడగకండి. "అన్నం తిన్నావా నాన్నా?" అంటే చాలు. పక్కింటి అబ్బాయి జీతం ఎత్తవద్దు. కన్వెన్షన్ పోస్టరు, క్రిస్మస్ కార్డు చేయించుకుంటే, మన చర్చి పనే కదా అని ఉచితంగా తీసుకోకండి. వంద రూపాయలైనా చేతిలో పెట్టండి. ఆ డబ్బు కంటే ఆ గౌరవం వారికి మందు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

రెండు వారాలకు మించి దిగులు, ఆకలి లేకపోవడం, తాగుడు మొదలవడం, "నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది" వంటి మాటలు – ఇవి చూస్తే వెంటనే డాక్టరు గారి దగ్గరకు తీసుకురండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడం వలన కీడు జరగదు, వారి గుండె బరువు తగ్గుతుంది. అలాంటప్పుడు వారిని ఒంటరిగా వదలకండి. మనవి వ్యవసాయ కుటుంబాలు కనుక పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, వేరేచోట తాళం వేసి పెట్టండి. టెలీ మానస్ నంబరు 14416. ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని సాయంకాలం వరకూ ఊరకే నిలిచి ఉన్నవారిని చూశాడు. తమను ఎవరూ పనికి పిలవలేదని వారు చెబితే ఆయన వారిని గద్దించలేదు. తన తోటకు పంపాడు, రోజంతటి కూలీ ఇచ్చాడు. మన ఇళ్లలో పిలుపు కోసం ఎదురుచూస్తున్న పిల్లలను మనమూ ఆ కళ్లతోనే చూద్దాం. దేవుడు మిమ్మును ఆదరించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్