నిద్రలో పండ్లు కొరుకుట

పోలవరము కడ గోదావరిపై నిర్మించిన స్పిల్‌వేకు 48 రేడియల్ గేట్లు కలవు. నీటిమట్టమును కొలుచుచు, దానిని బట్టి గేట్లను ఎత్తుదురు, దించుదురు. ఫలితమును గమనించి పనిని సవరించు ఈ పద్ధతికే ఫీడ్‌బ్యాక్ అని పేరు. దేహమునకును ఇట్టి ఏర్పాటు చేయవచ్చును.

కొందరు నిద్రలో పండ్లు పటపట కొరుకుదురు. దీనిని బ్రక్సిజమ్ అందురు. కడుపులో నులిపురుగులే కారణమని ఇండ్లలో చెప్పుకొనుట కలదు. కాని ఇది ముఖ్యముగా మెదడు నడిపించు చర్య. నిద్ర క్షణకాలము తేలికపడినపుడు దవడ కండరములు బిగియును. ప్రక్కన పరున్నవారికి చప్పుడు వినబడును గాని, కొరుకువానికి తెలియదు. అరిగిన ఎనామెల్ మరల పెరగదు.

కణతపై వ్రేలుంచి పండ్లు బిగించి చూడుడు. లోపలి కండరము ఉబుకుట తెలియును. అపుడు స్వల్పమైన విద్యుత్సంకేతము పుట్టును. కణతకు అంటించిన ఎలక్ట్రోడు దానిని గ్రహింపగా, పరికరము నిద్ర చెడనంత మెల్లని విద్యుత్ స్పందనను పంపును. కండరము సడలును. ఇట్టి చికిత్సను గూర్చి సోల్బర్గ్, తన సహపరిశోధకునితో కలిసి 1972లో వ్యాసము ప్రకటించెను. పిమ్మట డెన్మార్కులో రాత్రివేళ ధరించు 'గ్రైండ్‌కేర్' వెలువడినది.

పరికరము ధరించిన రాత్రులలో బిగింపులు తగ్గినట్లు పరీక్షలు చూపినవి. తీసివేసిన పిదప ఆ మేలు నిలుచునని గాని, నొప్పి తప్పక తగ్గునని గాని చెప్పుటకు ఆధారములు చాలవు. కావున దంతవైద్యుని సలహాను, పండ్లను కాపాడు తొడుగును మానరాదు. గేట్లు వరద రాకుండ చేయజాలవు. వచ్చిన నీటిని అదుపు చేయును. ఈ పరికరము పనియు అంతియే.